అగ్నిసాక్షిగా అసత్యము



మాఘమాసము సమీపించగానే అనంతపురం పీఠభూమిలోని దేవాలయాలకు ముహూర్తాలు అడిగేవారి రాక మొదలవుతుంది. వేరుశనగ పంట చేతికి వచ్చిన ఏడాది అయితే ఆ రాకలో ఉత్సాహం ఉంటుంది. రాని ఏడాది అప్పు పుట్టిన తరువాతనే వస్తారు. జాతకములు చేతబట్టుకొని వచ్చే ఆ తల్లిదండ్రులలో ఒకరిద్దరు మాత్రం తమ వంతు వచ్చినా ముందుకు రారు. అందరూ వెళ్లేదాకా ధ్వజస్తంభం ప్రక్కన నిలిచి, అప్పుడు గొంతు తగ్గించి అడుగుతారు: "సామీ, మావాని జాతకంలో ఏమన్నా దోషముండాదేమో చూడండి. ముప్పై యేండ్లు దాటినాయి. పెండ్లంటే వద్దంటాడు."

కొంచెం ఓపికగా వింటే మిగిలిన మాట కూడా బయటకు వస్తుంది. కుమారుడు బెంగళూరులో ఉద్యోగం. స్త్రీల యందు తనకు అనురాగము కలగదని, ఎన్నడూ కలగలేదని తల్లికి చెప్పుకున్నాడు. తల్లి తండ్రికి సగమే చెప్పింది. తండ్రి పురోహితునికి అందులో సగం చెబుతాడు. చివరకు ఇద్దరూ కలసి అడిగేది ఒక్కటే: ఏ శాంతి చేస్తే ఇది పోతుంది? ఏ ముహూర్తంలో పెండ్లి చేస్తే సర్దుకుంటుంది?

పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు, పెండ్లి అయితే గాని పిచ్చి కుదరదు అని తెలుగువారి సామెత. ఆ సామెతను జనులు హాస్యానికి చెప్పుకుంటారు. ఈ తల్లిదండ్రులు దానిని చికిత్సగా నమ్ముతున్నారు. స్వలింగానురాగము గురించి దేశదేశాలలో అభిప్రాయములు మారుతున్న ఈ కాలమున, ఈ పీఠభూమిలోని ఆస్తికులు అన్నిటికన్నా ముందుగా విచారించవలసిన విషయం ఇదే. న్యాయస్థానములు ఏమన్నవి, పాశ్చాత్యులు ఏమన్నారు అనేవి ఆ తరువాతివి. అయినను లోకంలో ఏమి జరిగినదో కొంత తెలుసుకొనక తప్పదు.

భారత శిక్షాస్మృతి 1860లో రూపొంది, 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. దానిలోని 377వ సెక్షను స్వలింగ సంయోగమునకు యావజ్జీవ కారాగారము, లేదా పది సంవత్సరముల వరకు శిక్ష అని విధించింది. దీని మూలము ఇంగ్లండులో 1533 నాటి శాసనము. ఆ దేశమున ఈ కార్యమునకు 1861 వరకు మరణదండన ఉండేది. ఇంగ్లండు 1967లో తన చట్టమును సడలించుకొన్నది. వారు మనకు విడిచిపోయిన సెక్షను మాత్రం మరి అర్ధశతాబ్దము ఇక్కడనే నిలిచియున్నది. 2009లో ఢిల్లీ హైకోర్టు దానిని సడలించగా, 2013లో సుప్రీంకోర్టు తిరిగి నిలబెట్టింది. చివరకు 2018 సెప్టెంబరు 6వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, ఏకాంతమున ఇరువురు వయోజనులు ఇష్టపూర్వకముగా కలియుట నేరము కాదని తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యమునకు పేరిచ్చిన నవతేజ్ సింగ్ జోహర్ భరతనాట్య కళాకారుడు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనుకు స్థానమే లేదు.

ఈ తీర్పు విని సంప్రదాయము మంటగలిసినదని బాధపడిన ఆస్తికులు ఎందరో. వారు ఒకసారి మన ధర్మశాస్త్ర గ్రంథములను తెరచి చూడవలెను. మనుస్మృతి ప్రాయశ్చిత్త ప్రకరణమున ఒకచోట పురుషునితో మైథునమును జాతిభ్రంశకరములలో లెక్కించింది. అదే అధ్యాయమున మరొకచోట ద్విజునికి దానికి విధించినది సచేలస్నానము, అనగా కట్టుబట్టలతో స్నానము. ఎద్దుబండిలో గాని, నీటిలో గాని, పగటివేళ గాని స్త్రీతో సంగమించిన వానికీ అక్కడ అదే స్నానము. కౌటిల్యుడు జరిమానా విధించాడు. శాస్త్రము దీనిని మెచ్చుకొనలేదు. ఆ మాట దాచవలసిన పని లేదు. కాని యావజ్జీవ కారాగారము అనే ఊహ ఆ ఋషులకు ఎన్నడూ తట్టలేదు. ఆ కఠినత్వమును మన సంప్రదాయమని నమ్మి కాపాడబూనుట, అద్దెకు వచ్చినవాడు మరచిపోయిన పెట్టెను పూజామందిరంలో పెట్టుకొనుట వంటిది.

లోకాభిప్రాయము ఎంత వేగముగా మారినదో చెప్పుటకు కొన్ని లెక్కలు చాలు. అమెరికాలో 1996లో స్వలింగ వివాహమునకు చట్టబద్ధత ఉండవలెనన్నవారు 27 శాతం. 2023లో 71 శాతం. కాథలిక్కుల దేశమైన ఐర్లండు 2015లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపి 62 శాతం ఓట్లతో దానిని అంగీకరించింది. బౌద్ధ దేశమైన థాయిలాండులో 2025 జనవరిలో ఆ చట్టము అమలైంది. మరొకవైపు ఉగాండా 2023లో కొన్ని సందర్భములలో మరణదండన వరకు శిక్షను పెంచింది. కాలము అన్నిచోట్ల ఒకే దిక్కునకు నడవదు. మన దేశమున ప్యూ సంస్థ జరిపిన సర్వేలలో స్వలింగానురక్తులను సమాజము అంగీకరించవలెనన్నవారు 2014లో 15 శాతం కాగా 2019లో 37 శాతం. 2023లో వేరొక ప్రశ్న అడిగినపుడు, స్వలింగ వివాహమును చట్టము గుర్తించవలెనని 53 శాతం చెప్పారు. ఈ లెక్కలను చూసి సంతోషించేవారు, దుఃఖించేవారు ఇద్దరూ ఒక విషయము మరచిపోతున్నారు. సర్వే చేయువానికి ఎదుటివారి పిల్లలను గురించి సమాధానము చెప్పుట సులభము. అనంతపురం నుండి బెంగళూరుకు సుమారు 200 కిలోమీటర్లు. ఆ దారిన వెళ్లిన కుమారుడు అక్కడ ఒక విధముగా జీవించి, ఉగాదికి ఇంటికి వచ్చినపుడు మరొక విధముగా కూర్చుంటాడు. శాతములు ఆ ఇంటి గడప లోపలికి ఇంకను రాలేదు.

వైద్యులు మాత్రం తమ తలుపు మూశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీనిని రోగముల పట్టిక నుండి తొలగించింది. దీనిని మార్చెదమని చికిత్స చేయుట వృత్తిదుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. వైద్యుని వద్ద మందు దొరకనివారు దైవజ్ఞుని వద్దకు వస్తారు. కనుకనే ధ్వజస్తంభము ప్రక్కన నిలిచేవారి సంఖ్య పెరుగుతున్నది.

ఇక పురాణముల వంక చూద్దాము. ఈ మధ్య ఈ విషయముపై వ్రాసేవారందరూ లేపాక్షి వంటి క్షేత్రములను, అర్ధనారీశ్వరుని, మోహినీ అవతారమును, బృహన్నలను, శిఖండిని వరుసగా పేర్కొని, చూచితిరా, అన్నీ మనలో ఉన్నవే అంటారు. వారి సద్భావమును శంకించనక్కరలేదు గాని ఆ వాదము నిలువదు. అర్ధనారీశ్వర తత్త్వము శివశక్తుల అభేదమును గురించినది. మోహిని అసురులను మోహింపజేయుటకు విష్ణువు ధరించిన మాయారూపము. బృహన్నల ఊర్వశీ శాపమును అజ్ఞాతవాసమునకు వినియోగించుకొన్న అర్జునుడు. వీటిలో ఏదియు ఒక పురుషునికి పురుషుని యందు కలిగే అనురాగమును గూర్చి చెప్పుటకు పుట్టిన కథ కాదు. వాత్స్యాయనుడు చెప్పిన తృతీయా ప్రకృతి వేరు, నేటి స్వలింగానురక్తుడు వేరు. మన ప్రాంతమునకే వస్తే, కన్నడ సరిహద్దున ఎల్లమ్మకు అంకితమైన జోగప్పల చేత ఆశీర్వచనము పొందని పల్లె అరుదు. ఇంట శిశువు జన్మిస్తే హిజ్రాలు వచ్చి దీవిస్తారు, జనులు చీర పెట్టి పంపుతారు. గడప బయట ఉన్నవారికి ఇంత గౌరవము చేయు ఇల్లే తన కుమారుడు నోరు విప్పితే తట్టుకొనలేదు. ఆ గౌరవము ఎంతటిదో దీనివలన తెలియుచున్నది.

శిఖండి కథను మాత్రం విడువరాదు. అందరూ దానిని ఉదహరిస్తారు గాని, నడిమి భాగమును చదివేవారు తక్కువ.

ఉద్యోగపర్వమున భీష్ముడు దుర్యోధనునకు ఈ వృత్తాంతము చెబుతాడు. ద్రుపదునకు కూతురు పుట్టింది. ఈ బిడ్డ ముందు స్త్రీయై తరువాత పురుషుడగునని శివుని వరము ఉన్నందున, రాణి కుమారుడు పుట్టినాడని ప్రకటించింది. పుత్రసంస్కారములన్నీ జరిపారు. యౌవనము రాగానే వివాహపు చింత కలిగింది. వరము ఎలాగూ ఫలిస్తుంది కదా అని, దశార్ణ రాజైన హిరణ్యవర్మ కుమార్తెను తెచ్చి శిఖండికి పెండ్లి చేశారు. అనగా తల్లిదండ్రులకు సత్యము తెలుసు. శిఖండికి తెలుసు. తెలియనిది ఒక్క వధువుకే.

కొన్నాళ్లకు ఆమెకు తెలిసింది. సిగ్గుతో దాదులకు చెప్పుకొన్నది. వారు ఆమె తండ్రికి వార్త పంపారు. హిరణ్యవర్మ మోసమునకు కుపితుడై పాంచాలముపై దండెత్తి వచ్చాడు. ద్రుపదుడు ఏమీ ఎరుగనివానివలె నటించాడు. రాజ్యము నాశనమగు స్థితి వచ్చింది. తన మూలముననే తల్లిదండ్రులకు ఇంత దుఃఖము వచ్చినదని తలచి శిఖండి ప్రాణత్యాగమునకు నిశ్చయించుకొని అడవికి వెళ్లింది. అక్కడ స్థూణాకర్ణుడనే యక్షుడు దయతలచి తన పుంస్త్వమును ఆమెకు ఇచ్చుటచే కథ సుఖాంతమైంది. హిరణ్యవర్మ పరీక్ష చేయించి, తృప్తిచెంది, కానుకలిచ్చి వెనుకకు వెళ్లాడు. వెళ్లుచు తన కూతురినే మందలించి వెళ్లాడు. నిజము చెప్పినందుకు ఆ బాలికకు దక్కినది అదే.

వ్యాసభగవానుడు ఆ ఒక్క మాటను ఎందుకు విడువక చెప్పినాడో, నేడు ఈ పీఠభూమిలో విడిపోయిన కొన్ని కాపురముల వెనుక కథ విన్నవారికి అర్థమగును. "నీలోనే ఏదో లోపమున్నది" అనే మాట మొదట పడేది కోడలి మీదనే. ఏడాది గడచినా కడుపు పండలేదని ఆమెను గుడులన్నీ తిప్పుతారు, నాగప్రతిష్ఠ చేయిస్తారు. భర్త మౌనముగా వెంట నడుస్తాడు. అతడు దుష్టుడు కాడు. అతనికీ ఆ పెండ్లి శిక్షయే. కాని యక్షుడు ఎవరింటికీ రాడు.

ఈ అనర్థమును శాస్త్రము ముందే ఊహించినది. యాజ్ఞవల్క్యుడు వరుని లక్షణములు చెప్పునపుడు విద్యను, కులమును చెప్పి ఊరుకొనలేదు. పుంస్త్వ విషయమున ప్రయత్నపూర్వకముగా పరీక్షింపబడినవాడై యుండవలెనని విధించాడు. నారదస్మృతి ఇంకను వివరముగా, స్త్రీతో దాంపత్యమునకు తగని పురుషులను పదునాలుగు విధములుగా విభజించింది. వారిలో కొందరి విషయమున కొంతకాలము వేచి చూడమన్నది. కొందరిని, కాపురము జరిగిన తరువాతనైనను, భార్య విడిచిపెట్టవలెనన్నది. ఆ పదునాలుగు విధములు నేటి స్వలింగానురక్తుని యథాతథముగా చెప్పినవని అనుట పొరపాటు. వారి విభాగము వేరు, దృష్టి వేరు. ఆ నియమముల ఉద్దేశము మాత్రం స్పష్టము: తన యందు కామము లేని, కలుగజాలని పురుషునికి కన్యను కట్టబెట్టరాదు.

పరాశరస్మృతిలోని ప్రసిద్ధమైన విధి కూడా ఇదే. భర్త కనబడకపోయినను, మరణించినను, సన్యసించినను, క్లీబుడైనను, పతితుడైనను, ఈ అయిదు ఆపదలలో స్త్రీకి మరొక పతి విహితుడని దాని భావము. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతు వివాహమునకు ఆధారముగా చూపినది దీనినే. తెలుగునాట కందుకూరి వీరేశలింగము 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినపుడు ఎంతటి బహిష్కారమును ఎదుర్కొన్నాడో అందరికీ తెలిసినదే. ఆనాడు సంప్రదాయము మంటగలిసినదన్నవారి మనుమలే నేడు వితంతువైన కూతురికి సంబంధము చూడమని అడుగుతారు. పురోహితులు సంతోషముగా మంత్రము చెబుతారు. ఆ విధిలో మరణించిన భర్త మాటను లోకము ఒకటిన్నర శతాబ్దము చర్చించింది. నాలుగవ మాటను ఎవరూ పట్టించుకొనలేదు.

వివాహ ప్రయోగమునే తీసుకొందాము. కన్యాదాత వరుని అడుగునది ఏమి? ధర్మమునందు, అర్థమునందు, కామమునందు ఈమెను అతిక్రమింపరాదని. వరుడు అతిక్రమింపనని ప్రమాణము చేయును. మూడవది కామమని గమనించవలెను. ఋషులు ఆ మాట పలుకుటకు సిగ్గుపడలేదు. తనకు స్త్రీ యందు అనురాగము కలుగదని ముందుగనే ఎరిగిన వరుడు, తల్లి కన్నీటికి లోబడి, అగ్ని ఎదుట ఆ ప్రమాణము చేసినచో అది అసత్యము. ఎరిగి చేయించిన తల్లిదండ్రులకు అందులో పెద్ద భాగము. ఎరిగి మంత్రము చెప్పిన పురోహితునికి మిగిలిన భాగము.

వెయ్యి అబద్ధములాడియైనా ఒక పెండ్లి చేయమన్నారు కదా అని కొందరు అంటారు. మరికొంత చదివినవారు భాగవతమును ముందుకు తెస్తారు: వివాహ విషయమున బొంకవచ్చునని అందులోనే ఉన్నది కదా అని. ఉన్నది, నిజమే. ఆ మాట అన్నది ఎవరు? శుక్రాచార్యుడు. ఎవరితో? బలిచక్రవర్తితో, వామనునికి ఇచ్చిన మాట తప్పుమని బోధించు సందర్భమున. బలి ఆ ఉపదేశమును త్రోసివేసి సర్వస్వమును కోల్పోయి స్వామి పాదమును శిరస్సున ధరించాడు. బలి త్రోసివేసిన మాటను తెలుగువారు పెండ్లి పందిరిలో ప్రమాణముగా వాడుకొనుట విచిత్రము.

ఈ నేలలో ఆ అసత్యము వెల ఏమిటో కూడా చెప్పవలెను. పడమటి కనుమల చాటున, తూర్పు సముద్రమునకు దూరమున ఉన్న ఈ పీఠభూమికి రెండు ఋతుపవనములూ అరకొరగానే అందుతాయి. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేయి అడుగులు దింపినా బోరులో నీరు పడునో లేదో తెలియదు. అట్టి చోట ఆడపిల్ల తండ్రి పెండ్లికి బంగారము కుదువబెడతాడు, కొన్ని ఎకరములు అమ్ముతాడు. వానలు మోసము చేస్తే దైవముపై భారము వేసి ఊరుకుంటాడు. వియ్యంకుడు ఎరిగి చేసిన మోసమునకు అతడు ఏమని సరిపెట్టుకొనవలెను? ఇద్దరు పిల్లల జీవితములు, రెండు ఇండ్ల ఆస్తులు, "ఊరు ఏమనుకొనునో" అనే ఒక్క మాట కొరకు ఆహుతి అగుచున్నవి.

ఆడపిల్లల విషయము ఇంకను కఠినము. కుమారుడు వద్దని బెంగళూరులోనే ఉండిపోగలడు. కుమార్తెకు ఆ వెసులుబాటు లేదు. స్త్రీ యందే అనురాగము కల యువతికి బలవంతపు పెండ్లి చేసినచో దానికి ఏ పేరు పెట్టవలెనో ఆలోచింపవలెను. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు అట్టి వ్యాజ్యమే వచ్చింది. తన సహచరిని ఆమె తండ్రి నిర్బంధించాడని ఒక యువతి హేబియస్ కార్పస్ పిటిషన్ వేసింది. యుక్తవయస్కురాలైన ఆమె తాను కోరినవారితో నివసించవచ్చునని, తల్లిదండ్రులు అడ్డుపడరాదని న్యాయమూర్తులు ఆదేశించారు. కన్నతండ్రి ఇంటి నుండి కూతురిని విడిపించుటకు న్యాయస్థానము కావలసి వచ్చినదనుట, ఏ మతాభిప్రాయము కలవారికైనను తలవంపే.

అయితే అట్టి జంటలకు వివాహ సంస్కారము చేయవచ్చునా అని జిజ్ఞాసువులు అడుగుతారు. హైదరాబాదు నివాసులైన ఇద్దరు పురుషులు 2021లో బంధుమిత్రుల ఎదుట ఒకటై, తరువాత సుప్రీంకోర్టుకు వెళ్లారు. సుప్రియో వ్యాజ్యమని దానికే పేరు. 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులు వివాహము ప్రాథమిక హక్కు కాదని, దీనిని పార్లమెంటు తేల్చవలెనని చెప్పారు. ఇది చట్టపు మాట. శాస్త్రపు మాట ఏమనగా, గృహ్యసూత్రములలోని వివాహ ప్రయోగము వధూవరులను ఉద్దేశించియే, ప్రజోత్పత్తిని ఉద్దేశించియే కూర్చబడినది. దానిని మరొక జంటకు అన్వయించు అధికారము నేటి పురోహితునికి లేదు. దీనిని కొందరు మెచ్చరు. కాని లేని ప్రమాణమును ఉన్నదనుట కూడా అసత్యమే కదా. సంస్కారము లేనంత మాత్రమున ఆ ఇద్దరూ ఆలయమునకు రారాదని, అర్చన చేయించుకొనరాదని, తీర్థము పుచ్చుకొనరాదని చెప్పిన శాస్త్రమూ లేదు. అర్చనకు గోత్రనామములు అడుగుతారు. గర్భగుడి ముందు నిలిచినవాడు ఎవరిని ప్రేమిస్తున్నాడని ఏ ఆగమమూ అడుగమనలేదు.

గణిత ప్రతిభచే ప్రఖ్యాతురాలై, 1980లో మెదక్ నుండి ఇందిరాగాంధీపై లోక్‌సభకు పోటీచేసిన శకుంతలాదేవి, అంతకు మూడేండ్ల ముందు, 1977లో, స్వలింగానురక్తులను గూర్చి ఒక గ్రంథము ప్రచురించింది. అందులో ఆమె శ్రీరంగ క్షేత్రపు అర్చకులొకరిని ప్రశ్నించింది. పూర్వజన్మలో స్త్రీపురుషులుగా ప్రేమించుకొన్న జీవులే వీరై యుందురని, శరీరముల లింగము మారినను జీవుల అనుబంధము మారలేదని ఆయన సమాధానము. ఆయన సమాధానము శాస్త్రనిర్ణయమా కాదా అన్నది వేరు. చట్టము దీనిని నేరమనుచున్న ఆ రోజులలో, పరమ వైష్ణవ సంప్రదాయస్థుడైన అర్చకుడు తిట్టక, వెలివేయక, తనకు తెలిసిన కర్మసిద్ధాంతముతో అర్థము చేసుకొనుటకు ప్రయత్నించాడు. జీవుడు స్త్రీయు కాదు, పురుషుడు కాదు, నపుంసకుడు కాదు, ధరించిన శరీరమును బట్టి ఆయా పేర్లు వచ్చునని ఉపనిషత్తు బోధించిన దేశమున అది పెద్ద సాహసము కూడా కాదు.

ఇక ధ్వజస్తంభము ప్రక్కన నిలిచిన ఆ తండ్రికి ఏమి చెప్పవలెను? ఇక్కడ పురోహిత వర్గము తన చేతులను తానే చూచుకొనవలసి యున్నది. అట్టి తండ్రికి కాలసర్ప శాంతి వ్రాసి ఇచ్చేవారు ఉన్నారు. సప్తమాధిపతి నీచలో ఉన్నాడని, ఇన్ని వేలు ఖర్చవుతుందని, నలుబది దినములలో మనస్సు మారుతుందని చెప్పేవారు ఉన్నారు. ఆ తరువాత జరిగే పెండ్లికి దక్షిణ కూడా వారికే ముట్టును. వైద్యుడు చేస్తే దుష్ప్రవర్తన అనబడునది దైవజ్ఞుడు చేస్తే పరిహారము ఎట్లగును?

చెప్పవలసినది క్లుప్తమే. "నాయనా, ఇది గ్రహదోషము కాదు, శాంతి అక్కరలేదు. నీ కుమారుడు నీతో నిజము చెప్పినాడు. ఆ మాట దాచి ఇంకొకరి బిడ్డను తెచ్చుకుంటే ఆ పందిరిలో మంత్రము చెప్పుట కుదరదు." దీనికి ఆ తండ్రి కోపగించి, ప్రక్క ఊరి పురోహితుని వద్దకు పోవచ్చును. చాలమంది పోతారు. కొందరు మాత్రం ఆ రాతిమెట్టు మీద కూర్చుని, చాలాసేపు మాట లేక, చివరకు అడుగుతారు: "అయితే వాడు పండుగకు ఇంటికి రావచ్చునా సామీ?"

రావచ్చును. కూడా ఆ స్నేహితుడు వచ్చినను రావచ్చును. ఇద్దరికీ విస్తరి వేయవలెను.